కలివికోడిని చూపించలేనని ముందే చెప్పిన గైడు

ఫోన్ చేసినప్పుడు ఆయన అన్న మొదటి మాట ఇది: "కలివికోడిని చూపీలేనమ్మా. చూపిస్తానని చెప్పి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. అది తిరిగేలాంటి నేల చూపిస్తా, దాని చుట్టాన్ని చూపిస్తా. సరే అనుకుంటే రాండి."

నేను ప్రొద్దుటూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి కలివికోడి (ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్, రాత్రిపూట నేల మీద తిరిగే చాలా అరుదైన పిట్ట) మీద చార్ట్ వేసినప్పటి నుంచి ఇంట్లో ఆ పిట్ట మాటే. మన కడప జిల్లా పేరు ప్రపంచంలో పక్షుల మీద పనిచేసే వాళ్లందరికీ తెలిసిందంటే ఆ ఒక్క పిట్ట వల్లే, కానీ మా బడిలో దాని పేరు విన్న పిల్లలు పదిమంది కూడా లేరు. అందుకే ఫిబ్రవరి రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేలా ఆయన చేయించే ఈ పిట్టల నడక బుక్ చేసుకున్నాను. నలుగురి వరకు ఒక గుంపు, గుంపుకి 1,500 రూపాయలు. ఒక సాయంత్రం, మర్నాడు ఉదయం. మేం ఇద్దరమే వెళ్లాం.

గైడు పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. ఆయనే వద్దన్నాడు. ఏ బీడులో తిరిగామో తెలిస్తే మర్నాడు అక్కడికి ఇరవై బండ్లు వస్తాయని ఆయన భయం. అది నిజమే. బద్వేలు నుంచి సిద్దవటం వెళ్లే దారిలో, లంకమల కొండలు కనిపించే దూరంలో, అభయారణ్యం హద్దుకు బయట అని మాత్రం చెప్తాను.

ఇంతకు ముందు జరిగింది చెప్పకపోతే ఈ సర్వీసు విలువ సరిగ్గా అర్థం కాదు. కిందటి డిసెంబర్‌లో మరొకాయన దగ్గరికి వెళ్లాం. 2025 ఆగస్టులో కడప జిల్లాలో కలివికోడి పిలుపు మళ్లీ రికార్డయిందని వార్తలు వచ్చాక ఇలాంటి వాళ్లు కొందరు బయల్దేరారు. 4,000 తీసుకుని, మునిమాపు వేళ రోడ్డు పక్కన నిలబెట్టి, బ్లూటూత్ స్పీకర్‌లో పిలుపు పెట్టి, కాసేపటికి "అదిగో, అదే" అని ఒక పిట్టను చూపించాడు. నల్లని నెత్తి, దాని చుట్టూ తెల్ల గీత. మేం పొంగిపోయాం. ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూస్తే కంటి ముందు పసుపురంగు తోలు వేలాడుతోంది. పాపే ముందు గమనించింది. అది తీతువు జాతి, మన బీళ్లలో మామూలుగా కనిపించేదే. సైజులో కలివికోడికి దగ్గరగా ఉంటుంది, మసక చీకట్లో ఎవరైనా పొరపాటు పడతారు. కానీ కలివికోడికి అలాంటి తోలు ఉండదు. ముక్కు పొట్టి, మొదట్లో పసుపు, కొన నలుపు. గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. దాని శాస్త్రీయ నామంలో బైటార్క్వేటస్ అన్న మాటకి అర్థం కూడా అదే, రెండు కంఠహారాలు ఉన్నదని. డబ్బు పోయినందుకు కంటే పాప నమ్మింది అబద్ధమైనందుకు ఎక్కువ బాధపడ్డాను.

కాబట్టి "చూపీలేనమ్మా" అన్న మాట విన్నప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

శనివారం మూడున్నరకి రోడ్డు మీద కలిశాడు. యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి మేకలు కాశాడు, ఇప్పుడు మేకలు తమ్ముడి చేతికిచ్చి ఈ పని చేస్తున్నాడు. చేతిలో ఒక పార, ఒక జల్లెడ, ఒక చెక్క, రెండు గోనెసంచులు. బైనాక్యులర్ మెడలో ఉంది కానీ ఆ సాయంత్రం దాదాపు వాడలేదు.

మొదటి అరగంట పిట్టల ఊసే లేదు. పొదల మధ్య నడిపించి, పొదలు లెక్కపెట్టమన్నాడు. రేగు, తుమ్మ, కలివి. కలివి అంటే తెల్లటి పూలు, ముళ్లు, నల్లగా పండే పుల్లటి కాయలు ఉండే పొద. ఆ పొదల చోట తిరుగుతుంది కాబట్టే ఆ కోడికి ఆ పేరు. "తల ఎత్తితే దాటి చూడలేని పొదలు ఎన్ని, మోకాలు దాకా ఉండేవి ఎన్ని చెప్పు పాపా" అన్నాడు. పాప ఒక చోట లెక్కపెట్టింది, ఇంకో చోట లెక్కపెట్టింది. రెండో చోట చిన్న పొదలు ఒకదాన్నొకటి అల్లుకుని కాలు పెట్టే సందు లేదు. "ఈడ అది ఉండదు. పరిగెత్తే పిట్టకి సందు గావాల" అన్నాడాయన.

ఇది నేను చదివిన దానితో అచ్చంగా సరిపోయింది. కలివికోడి మీద పరిశోధన చేసిన వాళ్లు తేల్చింది ఏమిటంటే, రెండు మీటర్ల కంటే ఎత్తయిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకంటే పొట్టివి వెయ్యి లోపు ఉన్న చోట్లే అది ఎక్కువగా ఉంటుందని. మరీ బోడి నేలా కాదు, మరీ దట్టమైన అడవీ కాదు. ఆయనకు ఆ అంకెలు తెలియవు. తెలిసిందల్లా మేకల వెనక నలభై ఏళ్లు నడిచిన నేల. "మేకలు బొత్తిగా రాకపోతే పొదలు కమ్ముకుంటాయి. శానా వస్తే పొదే మిగలదు. కట్టెల కోసం నరికితే ఇంకా తొందరగా పోతాది" అన్నాడు. అడవిని ముట్టుకోకుండా వదిలేస్తే చాలనుకునే నాకు ఇది కొత్త పాఠం. మేత ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న, ఉండాలా వద్దా అన్నది కాదు.

తర్వాత అసలు పని. ఒక బీడు అంచున, పొదకీ పొదకీ మధ్య సందులో, మట్టి జల్లెడ పట్టించాడు. పాప పట్టింది, నేను సంచి పట్టుకున్నాను. ఆ మెత్తని మట్టిని ఐదు మీటర్ల పొడవున, జానెడుకి కాస్త ఎక్కువ వెడల్పుతో పరిచి, చెక్కతో సాపు చేశాడు. అలాంటివి మూడు. పొలం ఆయన దగ్గర ముందే అడిగి పెట్టుకున్నాడు. ఫారెస్ట్ వాళ్లకి కూడా చెప్పి ఉంచాడు, ఎందుకంటే ఇది ఎర్రచందనం ప్రాంతం, చీకటి పడ్డాక టార్చితో ఎవరు కనిపించినా ఆరా తీస్తారు.

ఈ మట్టి పట్టీల పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. 2000 తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, ఇంగ్లండ్ పరిశోధకులు కలిసి లంకమలలో కలివికోడిని వెతికింది ఇలాగే. రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్ట, మనిషి అలికిడికి కదలకుండా నిలబడిపోయే పిట్ట, ఎక్కడుందో కనుక్కోవాలంటే దాని వెంట పడి లాభం లేదు. అది నడిచే దారిలో మెత్తని మట్టి పరిచి, పొద్దున్నే వచ్చి అడుగులు చదవాలి. అనుమానం ఉన్న చోట ఆటోమేటిక్ కెమెరా పెట్టాలి. ఆ రోజుల్లో మట్టి మోసిన కూలీల్లో మన గైడు ఒకడు. "మట్టి మోసేకి కూలీ ఇస్తాండారంటే మొదట్లో నవ్వినాం. ఒక పొద్దున ఆ సారు కూచుని అడుగు చూసి ఏడ్చినంత పని చేసినాడు. అప్పుడు తెలిసె" అన్నాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మట్టి సాపు చేస్తూనే ఉన్నాడు.

పొద్దు గూకింది. రోడ్డు పక్కకి వచ్చి ఒక కల్వర్టు మీద కూర్చున్నాం. ఫోన్లు ఆఫ్ చేయించాడు. సైలెంట్‌లో పెట్టడం కాదు, ఆఫ్. కలివికోడి పిలిచేది సూర్యుడు మునిగిన ముప్పావు గంట తర్వాత, అదీ కాసేపే. క్విక్-కూ, క్విక్-కూ అని రెండు ముక్కల పిలుపు. మేం ఉన్న చోట వినబడే అవకాశం చాలా తక్కువని ముందే చెప్పాడు. అయినా ఆ వేళకి అక్కడ కూర్చోవడం ఈ నడకలో భాగం.

స్పీకర్ గురించి నేనే అడిగాను. పెట్టను అన్నాడు. "వాడెవడో నా ఇంటికొచ్చినాడని అది మేత ఇడిచి ఉరికొస్తాది. వచ్చి చూస్తే ఎవురూ ఉండరు. పది పిట్టలుండాయో ఇరవై ఉండాయో తెలీని జాతిని రోజూ ఇట్ల ఉరికిస్తే ఎట్ల?" పరిశోధకులు కూడా పిలుపు వినిపించి వెతుకుతారు, కానీ అది అనుమతి తీసుకుని, లెక్క కోసం, ఒక పద్ధతిలో చేసే పని. సరదా కోసం వచ్చిన మనం చేయాల్సింది కాదు. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉన్న పిట్ట అది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. ఆయన ఈ చట్టం మాట ఎత్తలేదు. పిట్టకి కష్టం అన్నాడు, అంతే.

ఆ రాత్రి మాకు వినబడింది రాత్రిపూట తిరిగే మరో పిట్ట, నైట్‌జార్ మాత్రమే. బండ మీద గోలీ పడి, ఎగిరి ఎగిరి, చప్పుడు దగ్గర దగ్గరై ఆగిపోయినట్టు ఉంటుంది దాని కూత. దూరంగా ఒక లారీ. గంట తర్వాత లేచాం. బద్వేలులో మా చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం. పాప నిద్రపోకుండా తెల్లారి మట్టిలో ఏముంటుందో అని మాట్లాడుతూనే ఉంది.

ఆదివారం ఆరింటికల్లా అక్కడున్నాం. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే అడుగులు కనబడతాయి, ఎనిమిది దాటితే నీడ పోయి మట్టి మొహం చదునైపోతుంది. అందుకే ఆలస్యం వద్దని రాత్రి రెండుసార్లు చెప్పాడు.

మొదటి పట్టీలో కుందేలు అడుగులు, ఒక బల్లి తోక ఈడ్చిన గీత, పురుగు నడిచిన కుట్టుపని లాంటి వరస. రెండో పట్టీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్షి అడుగులు రెండు రకాలు. ఒకటి గువ్వది. ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒక వేలు స్పష్టంగా పడింది. రెండోదానికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు గుర్తు లేదు. "కొమ్మ పట్టుకునే పిట్టకి వెనక వేలు గావాల. నేల మీద ఉరికే దానికి ఎందుకు?" అన్నాడు. కోర్సర్ జాతి పిట్టలకి వెనక వేలు ఉండదు. కలివికోడికీ లేదు. అవి చెట్టెక్కవు, గట్టి నేల మీద పరిగెత్తి బతుకుతాయి, కాళ్లు పొడుగు, వేళ్లు పొట్టి. ఈ విషయం పుస్తకంలో ఎన్నోసార్లు చదివి ఉంటాను, పిల్లలకి అనుకూలనాలు అనే పాఠంలో బాతు కాలు, గద్ద కాలు బొమ్మలు వేసి చెప్పి ఉంటాను. మట్టిలో ఆ లేని వేలి చోటు చూసినప్పుడు మాత్రం పాఠం వేరుగా ఉంది. ఈ ఏడాది నుంచి మా తరగతిలో మట్టి ట్రే పెట్టబోతున్నాను.

తీతువు అడుగు కూడా చూడ్డానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక్క అడుగు చూసి ఆయన ఏదీ తేల్చడు. వరసంతా చూస్తాడు. అడుగుకీ అడుగుకీ ఎంత దూరం, ఎక్కడ ఆగింది, ఆగిన చోట మట్టి కదిలిందా. ఆ వరసలో పెద్ద అంగలు నాలుగు, తర్వాత రెండు అడుగులు పక్కపక్కన, మళ్లీ పెద్ద అంగలు. పరిగెత్తింది, ఆగింది, ఏదో పొడిచింది, మళ్లీ పరిగెత్తింది. ఆ అడుగుల మీదుగా ఎలుక జాతి జంతువు గంతులు పడ్డాయి. ఎలుక రాత్రిది. పిట్ట అడుగు కింద ఉంది కాబట్టి అది ఎలుక కంటే ముందే, బహుశా చీకటి పడకముందే, మేం వెళ్లిన కాసేపటికే నడిచి ఉండాలి. "అంటే ఇది పగటి చుట్టం. కలివికోడి కాదు" అని ఆయనే తేల్చేశాడు. ఇంకొకరైతే ఆ మూడు వేళ్లు చూపించి కలివికోడి అనే చెప్పేవాళ్లు, మేం నమ్మేవాళ్లం కూడా. పాప మొహం కాస్త వాడింది. ఆయన చూశాడు, కానీ మాట మార్చలేదు. ఈ ఒక్క క్షణానికే 1,500 ఇవ్వొచ్చు.

ఏడున్నర ప్రాంతంలో ఆ పగటి చుట్టాన్ని చూశాం. ఇండియన్ కోర్సర్. దున్ని వదిలేసిన చేనులో మూడు. మొదట మట్టిగడ్డలే అనుకున్నాం, గడ్డ ఒకటి పరిగెత్తింది. అప్పుడు కనిపించాయి. ఇటుక రంగు రొమ్ము, నెత్తి కూడా అదే రంగు, కన్ను మీదుగా తెల్ల గీత ఒకటి, నల్ల గీత ఒకటి, రెండూ మెడ వెనకకి వెళ్తాయి. తెల్లటి పొడుగు కాళ్లు. చాలా అందమైన పిట్ట. దీని శాస్త్రీయ నామంలో కూడా మన కోరమండల్ తీరం పేరే ఉంది.

దాని మేత మేసే తీరు చూడాలి. పది పన్నెండు అడుగులు వేగంగా పరిగెత్తి టక్కున ఆగుతుంది. నిటారుగా నిలబడి చూస్తుంది. తర్వాత మోకాళ్లు పెద్దగా వంచకుండా ఒళ్లంతా ముందుకు వాల్చి పొడుస్తుంది, తక్కెడ ఒక పక్కకి వాలినట్టు. మళ్లీ పరుగు. కోడిలా కాళ్లతో నేల గీకదు. పైన కనబడిన పురుగునే ఏరుకుంటుంది. చెదలు, చీమలు, పెంకు పురుగులు, కీచురాళ్లు. మేం దాదాపు ఇరవై నిమిషాలు ఒక గట్టు కింద వంగి కూర్చుని చూశాం. దగ్గరకి పోదామని పాప సైగ చేస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎండాకాలం అయితే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే గూడు అంటూ ఏమీ కట్టకుండా ఉత్త నేల మీదే రెండో మూడో గుడ్లు పెడుతుంది, రాళ్ల మధ్య రాళ్లలా ఉంటాయి, కాలు పడేదాకా తెలియదు. మార్చి నుంచి వానల వరకు చాలా చేలలోకి ఆయన గుంపుల్ని తీసుకుపోడట. ఆదాయం పోయినా సరే.

అవి దూరం వెళ్లాక ఆయన ఒక ఎండిన పేడకడిని తిరగేశాడు. కింద చెదలు కుతకుతలాడుతున్నాయి. "ఇదీ వాటి అంగడి" అన్నాడు. చూపించి మళ్లీ ఉన్నట్టే బోర్లించాడు. కలివికోడి ఏం తింటుందో కూడా ఇలాగే తెలిసింది. మట్టి పట్టీల దగ్గర దొరికిన రెట్టలు పరీక్షిస్తే ఎక్కువగా చెదలు, చీమల ముక్కలే. అంత అరుదైన పిట్ట మన పెరట్లో ఉండే చెదపురుగు తిని బతుకుతోంది. అంటే మేత కరువై కాదు, మేత ఉన్న చోట పరిగెత్తే సందు, దాక్కునే పొద, రాత్రి ప్రశాంతత మూడూ కలిసి దొరక్క తగ్గిపోతోంది.

పూలే లేని ఒక పెద్ద తుమ్మ నీడలో కూర్చున్నప్పుడు పాప తన చార్ట్‌లో రాసిన చరిత్రంతా ఆయనకి చెప్పింది. 1848లో బ్లిత్ అనే శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టాడని, పిట్టను పంపింది నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అని, 1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఇక లేదనే అందరూ అనుకున్నారని. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకులాటలో, ఐతన్న అనే స్థానికుడి చేతికి రాత్రి టార్చి వెలుగులో అది చిక్కింది. ఎనభై ఆరేళ్ల తర్వాత. పట్టుబడిన ఆ పిట్ట బతకలేదు. 1988లో లంకమలను అభయారణ్యం చేశారు, 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడు దాని మీద తపాలా బిళ్ల వచ్చింది. ఇవి చెప్తుంటే ఆయన మధ్యలో ఆపలేదు. కానీ అబెర్డీన్ గుడ్డు కథ దగ్గర మాత్రం "మళ్లీ చెప్పు" అన్నాడు. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు స్కాట్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయ మ్యూజియం చేరి, ఏళ్ల తరబడి ఎవరికీ పట్టకుండా ఉంది. పాత పిట్ట చర్మంతో డీఎన్ఏ పోల్చి అది కలివికోడి గుడ్డేనని 2013లో తేల్చారు. ఇప్పటిదాకా తెలిసిన గుడ్డు అదొక్కటే. "నలభై ఏండ్లు ఈడ తిరిగినా, నేను చూళ్లేదు దాని గుడ్డు" అన్నాడాయన, నెమ్మదిగా.

ఆయన వంతుగా చెప్పింది కాలువ గురించి. తెలుగుగంగ కాలువ తవ్వకాలు ఈ పొదల నేలలోకి వచ్చినప్పుడు రాత్రికి రాత్రి పొదలు లేచిపోయిన చోట్లు ఆయనకి గుర్తున్నాయి. పిట్ట ఉనికి తేలాక కాలువ దారి మార్చారు. నీళ్లు అవసరమే, తన చేనుకీ కావాలి అన్నాడు. దారి మార్చడం కుదిరిందా లేదా? కుదిరింది. ముందే అడిగి ఉంటే పోయిన పొదలు కూడా మిగిలేవని ఆయన బాధ. ఈ విషయంలో నాది కూడా అదే అభిప్రాయం.

ఇక లోటుపాట్లు. ముఖ్యంగా ఆడవాళ్లకి చెప్పాల్సింది, బాత్రూం సదుపాయం ఏమీ లేదు. రోడ్డు మీది పెట్రోల్ బంకు దాకా వెనక్కి పోవాల్సిందే. ఇది ఫోన్‌లోనే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. నేను అడిగాక, ఇకమీదట చెప్తానన్నాడు. బైనాక్యులర్ ఒక్కటే ఉంది, అది కూడా పాతది, ఒక కంటికి మసక. మీ దగ్గర ఉంటే తీసుకెళ్లండి. నడక వేగం ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి, ఆరేడేళ్ల పిల్లలకి కష్టం. కలివి ముళ్లు చున్నీకి, చీరకి తగులుకుంటాయి, మందపాటి ప్యాంటు, షూ వేసుకోండి. తెల్ల బట్టలు వద్దంటాడు. టిఫిన్ లేదు, నీళ్లు మీవే. ఇంగ్లీషు పేర్లతో జాబితా కావాలనుకునే వాళ్లకి నిరాశ తప్పదు, ఆయనకి చాలా పిట్టల పుస్తకం పేర్లు తెలియవు. మంచి కెమెరా పట్టుకుని దగ్గర ఫోటోల కోసం వచ్చేవాళ్లు కూడా వేరే చోటు చూసుకోవడం మంచిది, ఆయన పిట్ట దగ్గరికి పోనివ్వడు.

అభయారణ్యం లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి వేరే తీసుకోవాలి. ఈ నడకలో అది లేదు, కలపాలని అడగొద్దు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. బాత్రూం మాట, బైనాక్యులర్ మాట వల్ల ఒకటి తగ్గించాను. నేర్పిన దానికైతే ఐదుకి ఐదు.

పదింటికి ముగించాం. పోయేముందు పట్టీల్లోని మట్టిని తిరిగి సంచుల్లోకి ఎత్తి, ఆ చోటు ముందు ఎలా ఉందో అలా చేశాడు. పాప రెండో పట్టీ ఎత్తకముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకుంది. వానలు పడ్డాక, ఉసిళ్లు లేచే రోజుల్లో నేల మీద పిట్టలకి పండగని, అప్పుడు రమ్మన్నాడు. అక్టోబర్ రెండో శనివారానికి చెప్పి పెట్టాను. ఈసారి సొంత జల్లెడ తెచ్చుకుంటానంది పాప. రవ్వ జల్లెడ తెమ్మన్నాడు, పిండి జల్లెడ అయితే మట్టి దిగడానికి పొద్దు గూకుతుందట.